బావ అడిగిన గుండ

మా బావ పోర్టులో క్రేను నడిపేవాడు. పక్షవాతం వచ్చి, మల్కాపురం దగ్గర మంచాన పడ్డ ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేరాక, ఆయన తరఫున గొప్పలు చెప్పే పని నేను తీసుకున్నాను. గూడ్సు పెట్టెను గార్డుతో సహా ఎత్తి ఓడలో దించాడనీ, లోపల నిద్రపోతున్న గార్డుకు సింగపూర్లో గాని మెలకువ రాలేదనీ అక్కడి సిస్టర్లకు చెప్పాను. కడప వైపు నుంచి వచ్చిన సిస్టరమ్మ మొదట్లో పని ఆపి మరీ వినేది. తర్వాత్తర్వాత నేను వర్షం పడుతోందన్నా కిటికీలోంచి చూస్తేగాని నమ్మేది కాదు.

ఈ మధ్య బావ తినడం మానేశాడు. మెత్తగా చిదిమిన అన్నం చెంచాతో నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకునేవాడట. మాట ముద్దగా వచ్చేది. చెంచా చూస్తే మాత్రం ఒక్క మాటే అనేవాడు: "గుండ." అది విన్నప్పుడల్లా సిస్టరు చెంచా పక్కన పెట్టి ఈసీజీ మిషను తోసుకొచ్చేది. గీతలు బాగానే ఉండేవి. మనిషే రోజురోజుకీ తరిగిపోతున్నాడు. చివరికి డాక్టరుగారు నన్ను పిలిపించి, "ఇవాళ కూడా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలి" అన్నారు.

నేను వెళ్ళేది ఎప్పుడూ సాయంత్రాలే. భోజనం వేళకు వెళ్ళడం అదే మొదలు. నా ఎదుటే చెంచా వచ్చింది. బావ మొహం తిప్పి "గుండ" అన్నాడు. సిస్టరు మిషను కోసం లేచింది.

నాకు అక్క గుర్తొచ్చింది. అన్నం మీద ఆవిరి ఆరకముందే నువ్వులు, ఎండుమిరపకాయలు దంచిన గుండ బావ కంచంలో వేసేది. అది పడందే ఆయన ముద్ద కలిపేవాడు కాదు. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆ అక్కే. నాకు వేరేగా, కారం తగ్గించి దంచేది. ఆమె పోయాక ఆ వాసన మా ఇళ్ళలో మళ్ళీ లేవలేదు.

"సిస్టర్, గుండె కాదు, గుండ. మావైపు పొడిని గుండ అంటాం."

"మళ్ళీ మొదలుపెట్టినారా? సింగపూర్ గార్డు చాల్లేదా సార్?"

"మా బావ మీద ఒట్టు."

"గార్డు కత కూడా ఆయన మీద ఒట్టేసే కదా చెప్పినారు."

ఆయన నోటితోనే చెప్పిద్దామని, నువ్వుల మాట ఎత్తకుండా బావ చెవి దగ్గరకు వంగాను. "ఏ గుండ బావా? పసుపుగుండా, కారంగుండా?"

బావ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "నువ్వు... గుండ."

"మిమ్మల్ని గూండా అంటాండాడు సార్. కరెక్టే" అంది సిస్టరు.

బావ మంచి చెయ్యి లేపి అన్నం గిన్నె చూపించాడు. "అందల... నువ్వుగుండ."

సిస్టరు మిషను మాట మానేసి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. పొడిగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నారాయన. మిరపకాయ లేకుండా, వెన్నలా రుబ్బి, చిక్కటి గంజిలో కలిపితే చూద్దామన్నారు. సాయంత్రం దాకా గొట్టం ఆపారు.

ఇంటికి పోయి నువ్వులు మిక్సీలో వేసి తెచ్చాను. సిస్టరు బావను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చెంచా కొసన కొంచెం పెట్టింది. ఎక్కడో ఓడ కూసింది. చాలాసేపటికి గొంతు కదిలింది.

"అది దంచిందా?" అన్నాడు బావ.

అక్క లేదన్న సంగతి మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో.

"దంచింది బావా. రోట్లోనే. నీకిమ్మంది."

బావ నాలుకతో పెదవి తడుముకున్నాడు. "అబద్దాలోడా. మిక్సీలో ఏసినావు" అని, నోరు మళ్ళీ తెరిచాడు.

గిన్నె అడుగున మిగిలింది వరండాలో నిలబడి నాకాను. నువ్వులు అవే, ఉప్పూ అదే. ఇంకొంచెం ఉందేమోనని అంచులన్నీ వేలితో గీకాను. అక్క చెయ్యి ఎక్కడా తగల్లేదు.