ఖాళీ చేతులు

ఎమ్మిగనూరు నుంచి అమ్మను ఆదోనిలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, ఆ వార్డు సిస్టరు నా పేరు కూడా అడగలేదు. "చేతులు ఖాళీగానే ఉండాయి కదన్నా? పట్టుకో" అని అమ్మకు ఎక్కుతున్న సెలైన్ బాటిల్ నా చేతికిచ్చింది. నలభై మంచాలకు ఆమె ఒక్కతే. స్టాండ్లు చాలవు. ఊరికే నిలబడ్డ మనిషి ఎవరైనా ఆమెకు స్టాండే. రోజంతా మగ్గం నేసే నాకు కూడా అరగంటకే భుజం పీకేసింది.

మేమింకా అక్కడ ఉండగానే, నర్సుల దినోత్సవం నాడు ఒక నాయకుడు ఫొటోగ్రాఫర్లను వెంటేసుకుని వార్డుకొచ్చాడు. ఆమెను దేవత అని పొగిడి, శాలువా కప్పాడు.

"దేవతకైతే పది చేతులుంటాయి సార్. నాకుండేవి రెండే" అంది ఆమె. "శాలువా కప్పేసినారు కదా, ఇంక మీ చేతులు ఖాళీనే. ఇది పట్టుకోండి."

నాయకుడు నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. బాటిల్ పట్టుకున్నాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. రోగికి స్వయంగా సేవ చేస్తున్న నాయకుడట! పక్కనున్న ఆమె మోచెయ్యి మాత్రమే పడింది. నాకు ఒళ్లు మండింది. ఆమె ఆ ఫొటోను కత్తిరించి వార్డు గోడకు అంటించింది. కింద ఎర్ర పెన్నుతో రాసింది: "స్టాండ్లు రాలేదు. ఇంకో సిస్టరూ రాలేదు."

పెద్ద డాక్టరు వచ్చి, దాన్ని వెంటనే పీకేయమని కేకలేశాడు.

"వచ్చిన దినం నేనే పీకేస్తా సార్" అంటూ, ఖాళీగా ఉన్న ఆయన చేతిలో ఒక బాటిల్ పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.