ఒంటిసుక్క సేనాపతి

కళింగపట్నంలో గంగులు పడవ నడిపే సరంగు. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఏ అల ఎటునుంచి లేస్తుందో తెలియక మిగతా పడవలు తడబడుతుంటే, గంగులు నోట్లో బీడీ తడవకుండా దాటించేసేవాడు. గొంతు పెద్దది కాదు. చెయ్యి ఇలా ఊపితే ఎడమకి, అలా ఊపితే కుడికి, అంతే. పడవలో ఉండే మేనల్లుడు వెంకీ, సత్యం, మరో ఇద్దరు ఏనాడూ ఎదురు చెప్పలేదు. తనకి మర్యాద ఉందా లేదా అని గంగులు ఎప్పుడూ ఆలోచించలేదు. గట్టిగా ఉన్న పన్ను గురించి ఎవడాలోచిస్తాడు?

ఆ పన్ను కదిలింది పెళ్లాం కాలు విరగడంతో.

కూర్మమ్మ నరసన్నపేటలో కూతురు రేఖని చూడ్డానికి వెళ్లి, స్నానాలగదిలో జారిపడింది. కాలికి పిండికట్టు వేసి, మంచం దిగొద్దన్నారు. ఒడ్డు మీద చేపల వేలంలో ఊరందర్నీ నోటితో అదిలించే మనిషి, మంచం మీద ఊరికే ఎలా పడుంటుంది? కూరలో ఉప్పు, పాలలో నీళ్లు, పక్కింటి కోడలి నడక, దేన్నీ వదల్లేదు. అల్లుడు యుగంధర్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఆపైన ఓ పాత కంప్యూటర్ తెచ్చి అత్తగారి మంచం పక్కన పెట్టి, అందులో రాజుల కాలంనాటి యుద్ధాల ఆట ఎక్కించి, ఇకమీద చెప్పేదేదో వీళ్లకి చెప్పమని మొక్కినంత పనిచేశాడు.

ఆట సంగతి తనే విడమరిచి చెప్పాడు. ప్రతి దండుకీ ఓ సేనాపతి ఉంటాడు. అతని పేరు పక్కన చుక్కలుంటాయి. చుక్కలు ఎక్కువైతే చుట్టూ ఉన్న సిపాయిలకి గుండె ధైర్యం ఎక్కువ. ఆ ధైర్యం పచ్చగీతలా కనిపిస్తుంది. అలిసేకొద్దీ, దెబ్బలు తినేకొద్దీ ఎర్రబడుతుంది. సేనాపతే వెన్ను చూపించాడంటే దండు మొత్తం తెల్లజెండాలెత్తి పరుగు లంకించుకుంటుంది.

కూర్మమ్మకి ఇది చేపల వేలం కన్నా తేలిగ్గా వంటబట్టింది. సేనాపతులకి మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చని తెలిసి, ప్రేమకొద్దీ మొదటివాడికి మొగుడి పేరు పెట్టింది. కంప్యూటర్ అతనికి ఒకే ఒక్క చుక్క ఇచ్చింది. రెండోవాడికి ఆడపడుచు దేముడమ్మ పేరు పెడితే నాలుగు చుక్కలొచ్చాయి. దేముడమ్మ నిలబడితే ఏనుగులు తొక్కినా సిపాయిలు కదలరు. గంగులు దండు మాత్రం అవతలివాళ్లు బాకా ఊదితే చాలు, బెదిరిపోతుంది.

అత్తకి చేపలిచ్చి రమ్మంటే వెళ్లిన వెంకీ ఈ యుద్ధం కళ్లారా చూసి, తిరిగొచ్చి పడవలో అందరికీ చెప్పాడు.

అక్కడినుంచి మొదలైంది. గంగులు ఇక్కడ వల వెయ్యండి అంటే నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఇక్కడైతే చేపలు మనల్ని చూసి నిలబడతాయా, మనమే పారిపోవాలా అని సత్యం మర్యాదగా అడిగాడు. ఓ పొద్దున గాలి తీరు నచ్చక గంగులు పడవ వెనక్కి తిప్పించాడు. ఎండకని తలకి చుట్టుకున్న తెల్ల తువ్వాలు గాలికి విప్పుకుని రెపరెపలాడింది. వెనకనుంచి ఎవరో "జెండా ఎత్తేసినాడ్రా" అన్నారు. ఆ రోజు వెళ్లిన పడవలన్నీ నిండుగా తిరిగొచ్చాయి. సాయంత్రానికి ఒడ్డంతా అతని పేరు ఒంటిసుక్క అయిపోయింది. చెయ్యి ఎడమకి ఊపితే, ఒకడు ఎడమకి చూసి ఒకడు కుడికి చూస్తున్నాడు.

గంగులు రాత్రి అన్నం మానేసి, తెల్లారి బస్సెక్కి నరసన్నపేట వెళ్లాడు. పెళ్లాం కాలు ఎలా ఉందని కూడా అడగలేదు.

"ఒసే, నాకు సుక్కలు పెంచు" అన్నాడు.

కూర్మమ్మ తెరమీంచి కళ్లు తిప్పకుండా, అవి అరటిపళ్లా డజన్ల లెక్కన కొనడానికి, యుద్ధాలు గెలవాలి అంది. పైగా ఓసారి పారిపోయినందుకు గంగులు పేరు కింద పిరికివాడని ముద్ర కూడా పడిందని యుగంధర్ మెల్లిగా చెప్పాడు. గంగులు వంగి తెరలోకి చూశాడు. తలపాగా, గుర్రం, మీసం. గుర్రాన్ని జన్మలో ముట్టుకున్నవాడు కాదు.

"నన్నెందుకు పారిపోనిచ్చినావే?"

"సచ్చిపోతావని నేనే ఎనక్కి లాక్కొచ్చినాను మావా" అంది కూర్మమ్మ.

గంగులు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ముందు దారిదోపిడీ దొంగల మీద చిన్న యుద్ధం ఎంచుకున్నారు. మీట నొక్కడం కూర్మమ్మ పని, చెప్పడం గంగులు పని. సిపాయిలు కొండెక్కి రొప్పుతున్నారు, గీతలు పసుపురంగుకి తిరిగాయి. తెడ్డు వేసి అలిసినవాడు పిల్ల అలకి కూడా జడుస్తాడు, కాసేపు కూర్చోబెట్టమన్నాడు గంగులు. గుర్రాన్ని వాళ్ల మధ్యలోకి తెమ్మన్నాడు. గీతలు పచ్చబడ్డాయి. దొంగలు పారిపోయారు. గంగులు పేరు పక్కన రెండో చుక్క వెలిగింది. రేఖ వంటింట్లోంచి పరుగున వచ్చి నాన్న ఎందుకు తొడ కొట్టుకుంటున్నాడో అర్థంకాక నిలబడిపోయింది.

అక్కడితో లేచి భోజనం చేస్తే సరిపోయేది. మూడో చుక్క కావాలన్నాడు. ఎదురుగా పెద్ద దండు, మధ్యలో ఏరు. కూర్మమ్మ వద్దంది. నీళ్ల సంగతి నాకు నువ్వు చెప్తావా అని గంగులు తన గుర్రాన్ని అందరికన్నా ముందు ఏట్లోకి దింపించాడు. ఒక బాణం వచ్చింది. గుర్రం ఒడ్డెక్కింది, గంగులు ఎక్కలేదు. దండంతా తెల్లజెండాలు.

సేనాపతి గంగులు మరణించాడని తెర మీద పడింది. యుగంధర్ అలవాటుకొద్దీ దాన్ని తెలుగులో పైకి చదివాడు. కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలెట్టింది. పక్కనే నిక్షేపంగా కూర్చున్న గంగులు, నేనిక్కడే ఉన్నానే అని రెండుసార్లు చెప్పినా ఆపలేదు.

యుగంధర్ గాభరాపడి దారి చెప్పాడు. నిన్నటి ఆట దాచి ఉంది, అది తెరిస్తే మావయ్య బతికొస్తాడు. కాకపోతే దొంగల మీద గెలుపు కూడా పోతుంది, మళ్లీ ఒంటి చుక్కే.

గంగులు ఆలోచించాడు. రెండు చుక్కలతో పోయాడంటే ఒడ్డు మీద చెప్పుకోడానికి బాగుంటుంది. అలాగే ఉంచెయ్యమన్నాడు.

కూర్మమ్మ కళ్లు తుడుచుకుంది. "రెండు సుక్కలతో సచ్చినోడితో నానేటి సేసుకుంతాను? ఒక్కటి సాలు. తెరువు బాబూ" అంది అల్లుడితో.

తెరిచాడు. గుర్రమ్మీద మీసంతో గంగులు ప్రత్యక్షమయ్యాడు. కూర్మమ్మ అతన్ని తీసుకెళ్లి కోటలో కూర్చోబెట్టి, యుద్ధాలన్నీ దేముడమ్మకి అప్పగించేసింది. అప్పుడు భోజనాలకి లేచారు. గంగులు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు పడవ దగ్గర సత్యం, ఎన్ని చుక్కలైనాయి అని అడిగాడు. గంగులు దాచలేదు, తను చచ్చింది, పెళ్లాం ఏడ్చింది, మళ్లీ తను బతికింది, అంతా వరసగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ముఖ్యంగా పెళ్లైన ముగ్గురూ నవ్వలేదు. తమ పెళ్లాలైతే ఏ ఆట తెరిచేవాళ్లో అని లోపల్లోపల లెక్కేసుకుంటున్నట్టుంది. గంగులు చెయ్యి ఊపాడు, పడవ నీళ్లలోకి దిగింది.

ఆ ఆదివారం గంగులు వెంట నలుగురూ చేపల సంచి పట్టుకుని నరసన్నపేట వెళ్లి, మా పేర్లు కూడా పెట్టమని కూర్మమ్మ మంచం చుట్టూ కూర్చున్నారు. వెంకీకి రెండొచ్చాయి. సత్యానికి ఒక్కటి కూడా రాలేదు. ఇది కంప్యూటర్ తప్పు, మళ్లీ తియ్యమని పొద్దుగూకేదాకా కూర్మమ్మతో తగువులాడుతూనే ఉన్నాడు. గంగులు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, పెళ్లాం కాలి కట్టు మీద ఈగలు వాలకుండా తువ్వాలుతో విసురుతున్నాడు.