అరగంట ఆగని నెత్తురు

పోయిన వారం మా బావగారిని రక్తపరీక్షకు తీసుకెళ్లాల్సి వచ్చింది. బావగారంటే మా ఆయనకు అన్నగారు. డెబ్బై దాటాయి, కిడ్నీలు కాస్త మొరాయిస్తున్నాయి. ఇంట్లో మిగతా అందరికీ ఏదో ఒక పని తగిలింది, ఖాళీగా కనబడింది నేనే. మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన లాబ్ అది. ఏసీ, అద్దాల తలుపులు, ఒక మూల చేపల తొట్టె. లాబ్‌లో చేపలెందుకో నాకింకా అర్థం కాలేదు. నెత్తురు తీయడం అయ్యాక ఇంటికి పోవచ్చన్నా ఆయన కదల్లేదు. అద్దం అవతల బల్ల మీద నెత్తురు గొట్టాల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ వంక చూస్తూ, అక్కడి టెక్నీషియన్ అమ్మాయితో ఏమన్నారో వినండి. "తొందరేం లేదమ్మా, నిదానంగా సెయ్యండి. తప్పు రిపోర్టొత్తే పేణాల మీదకొత్తాది." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అమ్మాయి నవ్వి, ఈ కొత్త మిషన్లకు లాక్ ఉంటుందని, చక్రం పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోదని చెప్పింది. ఆయన మెచ్చుకోలుగా తల పంకించారు. పక్కనే కూర్చున్న నా ముఖంలోకి మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

పదిహేనేళ్ల కిందట ఈ అనకాపల్లిలోనే ఆయనకొక లాబ్ ఉండేది. బెల్లం కొట్టు పైన రెండు గదులు. వేసవిలో బెల్లం వాసన, ఈగలు కలిసే మెట్లెక్కి వచ్చేవి. లాబ్ ఆయనది, చదువు నాది. పెళ్లికి ముందు నేను చదివిన టెక్నీషియన్ కోర్సు సర్టిఫికెట్‌కు పెద్ద ఫ్రేము కట్టించి కౌంటరు వెనక గోడకు తగిలించారు. దాని కింద కుర్చీలో తాను కూర్చునేవారు. వచ్చినవాళ్లు ఆయన్నే డాక్టరుగారూ అని పిలిచేవారు. ఆయన కాదనేవారు కాదు.

లోపలి గదిలో బల్ల మీద ఉండేది మా సెంట్రిఫ్యూజ్. ఇడ్లీ పాత్రంత ఉంటుంది, ఎనిమిది గొట్టాలు పడతాయి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తీసిన నెత్తురును ఎర్రమూత గొట్టంలో పోసి ముందు ఒక అరగంట కదపకుండా నిలబెట్టాలి. అది పెరుగులా తోడుకుంటుంది. అప్పుడు మిషన్లో పెట్టి పది నిమిషాలు తిప్పితే గడ్డ అడుక్కి దిగి, పైన లేత పసుపురంగులో సీరం తేలుతుంది. పరీక్షలన్నీ ఆ సీరంతోనే చేస్తారు. ఇంకొక నియమం ఉంది. ఏ గొట్టానికైనా సరిగ్గా ఎదురుగా అంతే బరువున్న గొట్టం ఉండాలి, లేకపోతే మిషను అదిరిపోతుంది. గొట్టాలు బేసి సంఖ్యలో ఉంటే ఒకదానిలో నీళ్లు పోసి ఎదురు పెట్టాలి. దాన్ని నేను తోడు గొట్టం అనేదాన్ని. చుక్క చుక్కగా పోసి సమానం చేస్తుంటే, కాటా వేసేవాడి కూతురివనిపించావని బావగారు నవ్వేవారు. నిజమే, మా నాన్న బెల్లం మార్కెట్లో కాటా వేసేవారు. ముల్లు నిలబడితే గాని తూకం పైకి చెప్పేవారు కాదు. వెనక బళ్లు నిలిచిపోయి రైతులు కేకలేస్తున్నా, కొట్టువాళ్లు కసురుకుంటున్నా ఆయన కళ్లు ముల్లు మీదే ఉండేవి. ఆ బుద్ధి నాకూ వచ్చిందనే అనుకునేదాన్ని.

బావగారికి మాత్రం ఆగడం చేతకాదు. మిషను మూత గొళ్లెం విరిగితే బాగు చేయించలేదు. స్విచ్చిలో అగ్గిపుల్ల దోపి, మూత తెరిచి ఉన్నా తిరిగేలా చేసుకున్నారు. టైమయ్యాక చక్రం దానంతటది ఆగాలి కదా, ఆ రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేక అరచెయ్యి అడ్డం పెట్టి ఆపేసేవారు. అలా ఆపితే విడిపోయింది మళ్లీ కలిసిపోతుందని ఎంత మొత్తుకున్నా, టేబుల్ ఫ్యాను చేత్తో ఆపడం లేదా అని నన్నే ఎదురు అడిగేవారు. అచ్యుతాపురం కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్లకు పరీక్షలు చేసే పని దొరికాక ఆ తొందరకు పట్టపగ్గాలు లేకపోయాయి. కంపెనీ బస్సొచ్చి కింద ఆగేది. మనుషులు మెట్లెక్కి, చెయ్యి చాపి, దూది నొక్కుకుంటూ దిగిపోయేవారు. సాయంత్రానికల్లా రిపోర్టులు కంపెనీకి చేరాలి.

ఆ రోజు ఏడుగురు వచ్చారు. ఏడో మనిషి కొండకర్ల ఆవిడ. ముప్పై ఏళ్లుంటాయి. మాత్రలు ప్యాకింగ్ చేసే పని దొరికిందట, ఈ పరీక్ష ఒక్కటి దాటితే చాలట. ఇంటాయన నడుం పడిపోయి మంచం మీదున్నాడని, ఇక ఇంటికి తనే దిక్కని సూది గుచ్చుతుండగా చెప్పింది. వాళ్లూరి పెద్ద చెరువు, ఆవలో కోసుకొచ్చిన తామరపూలు రెండు మా దేవుడి పటం దగ్గర పెట్టి మరీ బస్సెక్కడానికి దిగింది. నేను చేతులు కడుక్కుంటుండగా లోపలి గదిలో దడదడమని చప్పుడు. పరిగెత్తి చూస్తే, ఆమె గొట్టం ఐదు నిమిషాలైనా నిలబడకుండానే మిషన్లో తిరుగుతోంది. ఎదురుగా తోడు గొట్టం లేదు. మిషను ఊగుతూ బల్ల అంచుకు జరుగుతోంది. బావగారు అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టారు. ముందే తీసి, అప్పటికే తోడుకున్న ఆరు గొట్టాలూ ఎలాగో గట్టెక్కాయి. ఆమె సీరం మాత్రం నేరేడుపళ్లు కడిగిన నీళ్లలా ఉంది. కణాలు పగిలి, వాటిలోని పొటాషియం సీరంలో కలిసిపోయిందన్నమాట. అలాంటి దానితో పరీక్ష చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా గుండెకు ప్రమాదమన్నంత అంకె వస్తుంది.

మళ్లీ నెత్తురు తీయాలి, ఆమెను పిలవండి అన్నాను. కింద బస్సు హారన్ కొడుతోంది. "ఎర్రగా ఉంటే ఏటమ్మా? నెత్తురు ఎర్రగా గాక మరెలగుంటాది? రాసీ," అన్నారు బావగారు. శాంపిల్ పాడైందని చెబితే కంపెనీవాళ్లు వేరే లాబ్ చూసుకుంటారట. నేను అరిచాను. ఆయన అరవలేదు, నవ్వారు. బస్సు వెళ్లిపోయింది. పరీక్ష చేస్తే అనుకున్నంతా అయింది, పొటాషియం అంకె ఆకాశంలో ఉంది. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ రిపోర్టు కింద సంతకం ఆయనది కాదు, నాది. ఇంటి పెద్ద, రోజూ ముఖం చూడాల్సిన మనిషి, గొడవెందుకులే అనుకుని పెట్టేశాను. ఏమంత గొడవ? రెండు రోజులు భోజనాల దగ్గర మూతులు ముడుచుకునే గొడవ. అంతమాత్రానికి భయపడ్డాను. నా మీద నాకున్న కోపం ముందు బావగారి మీది కోపం ఏపాటి?

మూడో రోజు ఆమె మెట్లెక్కి వచ్చింది, చేతిలో మడతపెట్టిన కాయితంతో. పనికి వద్దని పంపేశారు. గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని చెప్పారట. ఒంటరిగా పడవ తోసుకుంటూ ఆవంతా తిరిగే మనిషి, మెట్లెక్కినందుకే గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కూర్చోబెట్టి మళ్లీ నెత్తురు తీశాను. గొట్టాన్ని స్టాండులో పెట్టి, దాని ముందు ఇద్దరం అరగంట కూర్చున్నాం. తోడు గొట్టం పెట్టి తిప్పాను. ఆగేదాకా ఆగాను. సీరం తేటగా, నువ్వులనూనె రంగులో వచ్చింది. పొటాషియం మామూలుగానే ఉంది. నీకే జబ్బూ లేదు, తప్పు మాది అని చెప్పి, ఆ ముక్కే రిపోర్టు మీద రాసి సంతకం చేసిచ్చాను. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ ఖాళీలో అప్పటికే వేరే మనిషిని చేర్చుకున్నారట. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ అరగంట ఆ రోజే కూకోమంటే కూకోనా మేడమ్? బస్సెల్లిపోతే నడిసెల్లిపోదును గదా," అంది.

బావగారు పేపరు తిరగేస్తున్నారు. ఆమె వెళ్లాక నేను స్టూలెక్కి గోడ మీది ఫ్రేము తీసుకుని మెట్లు దిగిపోయాను. పెద్ద వీరనారిలా ఊహించుకోకండి. ఆ ఫ్రేము బరువుకు మెట్ల మీద రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. సర్టిఫికెట్ లేని లాబ్ ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఇంట్లో అందరూ నన్నే అన్నారు, పడ్డాను. కొండకర్ల ఎంతో దూరం కాదు. అయినా వెళ్లి ఆమెను పలకరించే ముఖం నాకు లేకపోయింది.

పోయిన వారం ఆ కొత్త లాబ్‌లో, తన నెత్తురు గొట్టం మిషన్లో తిరిగి ఆగేదాకా బావగారు చేపల్ని చూస్తూ హాయిగా కూర్చున్నారు. సాయంత్రం ఫోనుకు రిపోర్టు వచ్చింది. ఇక్కడివాళ్లు తొందరపడరు, మంచివాళ్లని ఆయన మురిసిపోతుంటే ఉండబట్టలేక, కొండకర్ల ఆవిడ గుర్తుందా అని అడిగాను. "ఏ ఆవిడమ్మా?" అన్నారు. నటన కాదు, నిజంగానే గుర్తులేదు. ఆయనకు పదిహేనేళ్లు ఇట్టే గడిచిపోయాయి. నాకు మాత్రం ఆ అరగంటే ఇంకా గడవలేదు.