మర ఆణి

పోయిన ఆడి నెల రెండో ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. మా అల్లుడు కూతురితో పురసవాక్కం నుంచి వచ్చి కాగితం పొట్లం నా ముందు విప్పాడు. నేను రాసి పంపింది మర ఆణి. అతను తెచ్చింది మేకులు.

తొండియార్‌పేటలో మేముండేది మేడ మీది వాటా. చెక్క మెట్లు, పద్దెనిమిది, నిట్టనిలువు. పట్టుకోవడానికి పైనుంచి వేలాడే మోకు ఒక్కటే. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోశారు. రెండున్నర నెలలు కింద కాలు పెట్టలేదు. "ఇంకోసారి నన్ను శవం మాదిరి మోస్తే ఊరుకోను. దిగితే నా కాళ్లతోనే దిగతా. ఊగే మోకును నమ్మి మాత్రం దిగను" అంది. అందుకని పాత టేకు తలుపు కోసి, పట్టుకుని దిగడానికి కైపిడి చేశాను. మెట్ల పక్కన బిగించడమే మిగిలింది.

"మేకులే చాలు మామా. టపటపా కొడితే అర్ధగంటలో అయిపోతాది" అన్నాడు అల్లుడు.

"నీ ఆఫీసులో కొట్టుకో పో. ఈడ కొట్టనియ్యను."

యాభై ఏళ్లు చెక్కపని చేసినవాణ్ణి. మేకును తక్కువ చేయను. బరువు పైనుంచి పడే చోట దాన్ని మించింది లేదు. వంగుతుంది గానీ విరగదు. అటకలకు నేను మేకులే కొట్టాను. కానీ గుంజే చోట మేకు పనికిరాదు, పోయిన దారినే తిరిగి వచ్చేస్తుంది. కైపిడి గుంజడానికే ఉన్నది. కాలు తడబడితే మనిషి బరువంతా దాని మీదే. అక్కడ మర కావాలి. దాని పళ్లు చెక్కను కరిచి పట్టుకుంటాయి.

"చదువుకున్నోడివి, చీటీ చదవలేవా?" అని తిట్టాను.

"నాకు తెలుగు చదవను రాదు కదా మామా. మీ కూతురే చదివి చెప్పింది. అంగడాయనకు అదే చెప్పినా, మర ఆణి అని. 'మరత్తుక్కు అడిక్కిర ఆణియా' అని ఇవే ఇచ్చినాడు."

అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో మర తెలుగు, మేకును ఆణి అనడం అరవం. ఎవరికీ ఏనాడూ అనుమానం రాలేదు. అరవంలో మరం అంటే చెక్క. చెక్కకు కొట్టే మేకు అనుకుని అంగడాయన న్యాయంగానే ఇచ్చాడు.

గదిలోంచి మా ఆవిడ అరిచింది. "స్క్రూ అని రాసుంటే పొయ్యేది కదా!"

యాభై ఎనిమిదో ఏట నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. నోటితో చెబితే అయిపోయే పనికి కూడా అప్పటినుంచి నేను చీటీ రాస్తాను. కానీ సకారానికి కావత్తు, రావత్తు, ఆపైన కొమ్ముదీర్ఘం, ఇన్ని అంతస్తుల అక్షరం నాకు కుదరదు. తప్పించుకోవడానికే మర ఆణి అని రాశాను. తప్పు నాదేనని అల్లుడికి చెప్పాను.

"నాయన తప్పు ఒప్పుకున్నాడు, ఈ పొద్దు వాన ఖాయం" అంది కూతురు.

చీటీ వెనక మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి స్క్రూ రాశాను. మా ఆవిడ చూసి తలూపింది. అల్లుడు చదవలేకపోయినా దాన్ని జేబులో పెట్టుకుని వీధి చివరి అంగడికి పోయాడు.

ముందు సన్న బెజ్జం వేసి, మరకు సబ్బు రాసి, ఒక్కొక్కటే తిప్పాను. అల్లుడు మిషను తెస్తానన్నాడు. ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది, మిషనుకు తెలియదు. వద్దన్నాను. మధ్యాహ్నానికి పని అయింది. అల్లుణ్ణి పట్టుకుని వేలాడమన్నాను.

"నేను ఎనబై కిలోలు మామా!"

"అందుకే నిన్ను పిలిచింది."

కైపిడి కదల్లేదు.

మా ఆవిడ వచ్చింది. కూతురు చెయ్యి అందిస్తే తోసేసింది. ఏడో మెట్టు మీద మోకాలు మడతపడింది. రెండు చేతులా కైపిడిని పట్టి వెనక్కి లాగింది. కైపిడి కిర్రుమని కూడా అనలేదు. ఆమె నిలదొక్కుకుని, వెనక్కి తిరగకుండానే, "గట్టిగానే చేసినావయ్యా" అంది. ఇన్నేళ్ల కాపురంలో నా పనిని ఆమె మెచ్చుకున్నది అదే మొదలు. మిగతా పదకొండు మెట్లూ తనే దిగింది.

ఆ రోజు అక్కడ ఉన్నది ఆరుగురం. పైమెట్టు మీద నేను. సగం మెట్ల దగ్గర కూతురు, ఆమె వెనక అల్లుడు. కింద తలుపు పట్టుకుని కింది వాటా వదినె, బల్ల మీద ఆమె మామగారు. గడప దాటి, వీధి ఎండలో, తన కాళ్ల మీద మా ఆవిడ.