కల్లు చాలని ఆదివారాలు

మా కల్లుపాకలో మొదటిసారి నెత్తురు చూసింది ఒక ఆదివారం పొద్దున్న. అప్పటికి ఆఖరి లొట్టి, కల్లు నిండిన మట్టికుండ, నాతవరం నుంచి వచ్చిన ఒక రైతు చేతిలో పెట్టేశాను. ఆయన వెనకాల విశాఖపట్నం నుంచి కారులో వచ్చిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. "ఇంత దూరం వచ్చింది ఖాళీగా పోడానికా?" అని లొట్టి పట్టుకుని గుంజాడు. రైతు వదల్లేదు. ఇద్దరి మధ్యా అటూ ఇటూ ఊగిన లొట్టి చివరికి రైతు నెత్తిమీద భళ్లుమంది. కల్లూ నెత్తురూ కలిసి ఆయన చెవి పక్కనుంచి మెడ మీదకి, బనీనులోకి కారిపోయాయి. ఆయన పడిపోలేదు. మొలకున్న కండువా తీసి నెమ్మదిగా నెత్తిన చుట్టుకున్నాడు. తర్వాత వంగి, పొయ్యి దగ్గరున్న కట్టె తీసుకుని కారువాడి మోకాలి మీద ఒక్కటిచ్చాడు. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. విరిగింది కర్ర కాదు.

మా పాక నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్లే రోడ్డు మీద, ఒక జీడితోట చివర ఉంటుంది. మా ఆయన తాడిచెట్లెక్కి కల్లు దించుతాడు, నేను పాకలో కూర్చుని పోస్తాను. మా అత్త పక్కనే పొయ్యి పెట్టుకుని తాండవ రిజర్వాయరు చేపలు వేపి అమ్ముతుంది. పెళ్లయి వచ్చినప్పుడు నాకు కల్లు వాసనే పడేది కాదు. ఇంటర్ చదివినదాన్ని, కల్లుపాకలో కూర్చోవడమేమిటని ఏడ్చాను కూడా. తర్వాత తర్వాత అదే నాకు ఇష్టమైన చోటైంది. చుట్టుపక్కల పొలం పనులకి వెళ్లేవాళ్లు తెల్లారగానే వచ్చి, తాటాకు డొప్పలో పోయించుకుని, వానల గురించీ చెరకు గురించీ మాట్లాడుకుని పోయేవారు. ఎవరూ గొంతు పెంచేవారు కాదు.

మా ఆయన కల్లులో నీళ్లు కలపడు, పొడి కలపడు. లొట్టిలో నిన్నటి మడ్డి లేకుండా రోజూ కడిగి, పొగపెట్టి ఆరబెడతాడు. అందుకే మా కల్లు పొద్దున్న తియ్యగా, నాలిక మీద చిటపటలాడుతూ ఉంటుంది. ఎవరో ఒకాయన తాగి, ఫోనులో వీడియో తీసి పెట్టాడు. అంతే. ఆ ఎండాకాలం ఆదివారం వచ్చిందంటే రోడ్డు పక్కన బైకులు, కార్లు. పొద్దు పొడవకముందే లైను. మేమిచ్చేది ఎంత? చెట్లు ఇచ్చినంత. వచ్చినవాళ్లలో సగం మంది ఒట్టి చేతులతో పోయేవారు. వాళ్లలో కొందరు దారిలోనే బీరు తాగి వచ్చేవారు. వాళ్లకి కల్లు లేదని చెప్పాల్సింది నేనే.

ఆ రోజు దెబ్బలు తిన్న ఇద్దర్నీ మా మరిది తన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మరిది నాతవరం–నర్సీపట్నం మధ్య షేర్ ఆటో నడుపుతాడు. మాటకారి, మొండివాడు. అన్నలాగే చెట్లెక్కడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు గానీ, ఒకసారి నడుముకి కట్టుకున్న మోకు జారి సగం చెట్టు నుంచి పడ్డాక మళ్లీ ఎక్కలేదు. వాడు తిరిగొచ్చేసరికి మేం అన్నాలు తింటున్నాం. చొక్కా నిండా ఆ రైతు నెత్తురు. కాళ్లయినా కడుక్కోకుండా అన్న ఎదురుగా కూర్చున్నాడు.

"సూసేవా అన్నియ్యా? మన కల్లు కోసం నెత్తులు పగలగొట్టుకుంతన్నారు. కల్లు సాలకే కదా ఈ గొడవంతా? కాలవ గట్టు మీద తాడిచెట్లు గీసేవోడు లేక ఊరికే ఉన్నాయి. కౌలుకి తీసుకుందాం. నలుగురు గీసేవోళ్లని పెడదాం. టౌన్లో ఒక షెడ్డు ఏద్దాం. వొచ్చినోడికల్లా పోద్దాం. అప్పుడు ఎవుడు ఎవుణ్ని కొడతాడు?"

మా ఆయన ముద్ద కలుపుతూనే అన్నాడు: "గీసే సెయ్యి మారితే కల్లు మారిపోద్దిరా. నాను ఎక్కగలిగినన్నే నా చెట్లు."

"నీకొద్దంటే జనానికొద్దా?"

"జనం దాహం మనం తీర్సగలమేట్రా? ఈయాల వందమందికి పోస్తే వొచ్చే ఆదివారం ఐదొందల మంది వొత్తారు. అప్పుడు నెత్తులు కాదు, పీకలు కోసుకుంతారు."

"నువ్వు బయపడతన్నావు. అది సెప్పు."

మా ఆయన కంచం విసిరేశాడు. అది గోడకి తగిలి, తిరిగొచ్చి మా అత్త కాలి మీద పడింది. మెతుకులన్నీ ఆవిడ చీర మీద. ఆవిడ ఇద్దర్నీ చూసి, "కల్లు తాగినోళ్ల కంటే కల్లు అమ్మినోళ్లే ఎక్కువ తూలతన్నారు" అంది.

నిజం చెప్పాలంటే నాకు మరిది మాటే న్యాయంగా అనిపించింది. ఆ రాత్రి మా ఆయనతో అదే అన్నాను. మంచి సరుకు అడిగినవాళ్లకి ఇంకాస్త ఇవ్వడంలో తప్పేమిటి? వంట బాగుంటే ఇంకో కుంపటి పెట్టమా? ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మరిది ఊరుకునే రకం కాదు. కాలవ గట్టు చెట్లు తానే కౌలుకి తీసుకున్నాడు. ఎక్కడినుంచో ఇద్దరు గీసేవాళ్లని తెచ్చాడు. ఆ కల్లు ప్లాస్టిక్ క్యాన్లలో పోసి, ఆటోలో తెచ్చి, మా పాక అవతల రోడ్డు పక్కన పెట్టి అమ్మేవాడు. మొదటి వారాలు బాగానే ఉంది. లైనులో తగాదాలు తగ్గాయి. మా ఆయన అటువైపు చూసేవాడు కాదు. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత ఎండలు ముదిరాయి. క్యాన్లలో కల్లు తొందరగా పులిసిపోయేది. తియ్యదనం కోసం అందులో ఏదో పొడి కలపడం మొదలైంది. ఒక ఆదివారం ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా పాక ముందే కడుపు పట్టుకుని చతికిలబడ్డాడు. వాంతి చేసుకుంటూనే మా ఆయన్ని పట్టుకుని, "నీ కల్లని చెప్పేరయ్యా, నీ పేరు చెప్పే పోసేరు" అన్నాడు.

మా ఆయన అప్పుడే చెట్టు దిగి వచ్చాడు. నడుముకి గీత కత్తి ఇంకా వేలాడుతోంది. రోడ్డు దాటి వెళ్లి, క్యాన్ మూత తీసి, అరచేతిలో పోసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు. కత్తి తీసి క్యాన్ పొట్టలో దింపి, కిందకి చీల్చాడు. ఇంకోటి. ఇంకోటి. తెల్లటి కల్లు తారు రోడ్డు మీద నురగలు కక్కుతూ పారింది. తాగడానికి వచ్చినవాళ్లు కేకలేస్తున్నారు. ఒకడైతే కిందకి వంగి దోసిలి పట్టాడు.

మరిది ఆటో సీటు కింద నుంచి జాకీ రాడ్డు తీశాడు. "ఒరే ఒద్దురా!" అని నేను పరిగెత్తాను. మా ఆయన ఆఖరి క్యాన్ మీద కత్తి ఎత్తాడు. మరిది ఆ చేతినే కొట్టాడు. కత్తి ఎగిరి ఎక్కడో పడింది. మా ఆయన మణికట్టు దగ్గర చెయ్యి వేరేవైపు తిరిగిపోయింది. ఎముక కొస తోలు కింద నుంచి పొడుచుకొచ్చింది.  ఎడమచేత్తో తమ్ముడి జుట్టు పట్టుకుని, మొహం ఆటో రేకుకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. రేకు సొట్ట పడింది. పక్కనున్నవాళ్లు విడదీసేదాకా ఆయన వదల్లేదు.

ఆసుపత్రిలో కట్టు కట్టి, ఈ చెయ్యి ఇంతకు ముందులా బరువు మొయ్యడం కష్టమన్నారు. మరిదికి పై పెదవి చీలి, ముందు పన్ను పోయింది. వాడు ఇంటికి రాలేదు.

తాడిచెట్టు సెలవు ఒప్పుకోదు. గెల కొసని పొద్దునా సాయంత్రం పలచగా చెక్కుతూ ఉండాలి. నాలుగు పూటలు మానేస్తే గెలలు ఒక్కొక్కటే ఎండడం మొదలెడతాయి, అన్నీ ఎండితే ఆ ఏటికి ఆ చెట్టు పోయినట్టే. మా ఆయన చెయ్యి మెడకి కట్టుకుని చెట్ల కింద తిరుగుతూ పైకి చూస్తూ ఉండేవాడు. లొట్టిల్లో కల్లు పొంగి, చుక్కలు చుక్కలుగా ఆయన భుజం మీద పడేది.

ఆ తర్వాతి ఆదివారం కల్లు లేదని చెప్పినా జనం వచ్చారు. మా ఆయన్ని కట్టు మార్పించుకోడానికి నర్సీపట్నం పంపి, నేనూ అత్తా పాక దగ్గర నిలబడ్డాం. ముందు అడిగారు, తర్వాత బతిమాలారు, తర్వాత తిట్టారు. "పెద్దోళ్ల కోసం దాసేరు" అన్నాడొకడు. ఆ మాటతో పాక మీదకి ఎగబడ్డారు. తాటాకులు పీకారు, గుంజ ఊపారు. ఖాళీ లొట్టిలు ఒక్కొక్కటే తన్ని పగలగొట్టారు. అత్త అడ్డం వెళితే ఒక లావుపాటివాడు ఆవిడ ముడి పట్టుకుని పక్కకి లాగాడు. ఆవిడ వెళ్లి నూనె మూకుడు పక్కన పడింది.

ఆ రోజు ఎగిరిపడిన గీత కత్తి నేనే వెతికి తెచ్చి చూరులో దోపాను. అది నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. వాడి ముంజేతి మీద వేశాను. తాడిగెల చెక్కే కత్తి అది, వెంట్రుకని చీల్చే పదును. చర్మం నోరు తెరిచినట్టు తెరుచుకుంది. వాడు నావైపు చూశాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. "కోసేసిందిరా" అన్నాడు పక్కవాడితో. నేను మళ్లీ ఎత్తాను. ఇంకా కొయ్యాలనిపించింది. అది నిజం. ఆ క్షణంలో నాకు భయం లేదు. నా ఒంట్లో ఏదో తియ్యగా పొంగింది.

అంతలో ఎవడో వెనకనుంచి నా వీపు మీద తన్నాడు. బోర్లా పడ్డాను. నోట్లో మట్టి. నా చుట్టూ కాళ్లు, చెప్పులు. అప్పుడు వినిపించింది ఆటో హారన్. మరిది ఆటోని ఆపకుండా జనంలోకి తోసుకొచ్చాడు. కుట్లు వేసిన పెదవితో ఏదో అరుస్తూ దూకాడు. అదే జాకీ రాడ్డు. నన్ను తన్నినవాణ్ని కింద పడేసి, పక్కటెముకల మీద కొడుతూనే ఉన్నాడు. మిగతావాళ్లు బైకుల వైపు పరిగెత్తారు. కిందున్నవాడు కదలడం మానేశాడు. మరిది ఇంకా కొడుతున్నాడు.

"చాలు! చచ్చిపోతాడు, చాలు!" అని వాడి నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

"నిన్ను తన్నేడు వొదినా" అన్నాడు. నోట్లోంచి నెత్తురు ఉమ్మి, రాడ్డు కింద పడేసి ఏడ్చాడు.

దెబ్బలు తిన్నవాడు బతికాడు. పాక మీద పడ్డవాళ్ల మీద ఒకటి, నా మీద ఒకటి, మరిది మీద ఒకటి, స్టేషన్లో మూడు కేసులూ కలిపి పెద్దమనుషులు రాజీ చేశారు. వాళ్ల తప్పు వాళ్లది, మా తప్పు మాదన్నారు.

ఆ గొడవ జరిగిన ఆదివారం సాయంత్రమే మరిది గోడకి తగిలించిన మోకు తీసుకున్నాడు. పెరట్లో మంచం మీద కూర్చున్న మా ఆయన చూశాడు.  నేను చెట్టు కింద నిలబడ్డాను. సగం వరకూ ఎక్కి మరిది ఆగిపోయాడు.  చెట్టుని కావలించుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. దిగిపోతాడనుకున్నాను. ఎక్కాడు. చాలా గెలలు అప్పటికే ఎండిపోయాయి. మిగిలినవాటిని సీజను అయ్యేదాకా రెండు పూటలా వాడే గీశాడు. దించిన కల్లు తెచ్చి నా ముందు పెట్టేవాడు. మా ఆయన ఒక డొప్ప పోయించుకుని రుచి చూసి, బాగుంటే తాగేవాడు, లేకపోతే పారబోసేవాడు. అన్నదమ్ములిద్దరి మధ్యా మాటలు మాత్రం లేవు.

సీజను అయిపోయాక మరిది వేరుపడి టౌన్ దగ్గర షెడ్డు వేశాడు. గీసేవాళ్లు చాలామంది, బోర్డు, లైట్లు. బాగా నడుస్తోంది. గుమ్మం దగ్గర కర్రలు పట్టుకుని ఇద్దరు మనుషులు ఎప్పుడూ ఉంటారు. వాళ్లు లేకుండా నడవదని వాడే అంటాడు.

మేం కొన్ని చెట్లే ఉంచుకున్నాం. మా ఆయన చెయ్యి పూర్తిగా తిరగదు, పొట్టిచెట్లే ఎక్కుతాడు. ఆదివారం పాక తియ్యం. చెట్టుకి ఆదివారం తెలియదు కాబట్టి, శనివారం సాయంత్రమే లొట్టిలకి లోపల సున్నం పూస్తాం. అప్పుడు కల్లు పులవదు. ఆ తీపినీళ్లు కాచి అత్త తాటిబెల్లం చేస్తుంది. మొదట్లో కార్లలో వచ్చినవాళ్లు మూసిన తడిక మీద రాళ్లు రువ్వేవారు. ఒక రాయి బెల్లం మూకుట్లో పడి, మరుగుతున్న పాకం అత్త చేతుల మీద చిందింది. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. తర్వాత రావడం మానేశారు.

మొన్నొక మంగళవారం మరిది పాకకి వచ్చాడు. నుదుటి మీద కొత్త కుట్లు. షెడ్డులో ఎవరో సీసాతో కొట్టారట. డొప్పలో పోస్తే కళ్లు మూసుకుని తాగాడు.

"వొదినా, అన్నియ్యని ఒప్పించు. ఇక్కడి కల్లు అక్కడ నా షెడ్డులో పోద్దాం. ఇంత మంచి కల్లు ఇంతమందికేనా?"

మా ఆయన రాతి మీద కత్తి నూరుతున్నాడు. తలెత్తలేదు. నేను వాళ్లిద్దర్నీ చూశాను. మరిది అడిగింది నాకు ఇప్పటికీ అన్యాయంగా అనిపించదు. కానీ వాడి నుదుటి మీద ఆ నల్లదారం చూస్తుంటే ఔననడానికి నోరు రాలేదు.

"ఇంకో డొప్ప తాగుతావా?" అన్నాను.

"పోయ్ వొదినా" అన్నాడు.

లొట్టి ఒంచి పోశాను.