సందు బావ గది

గోడౌన్‌లో ఆయన్ని అందరూ సందు బావ అంటారు. పార్సిల్ లారీల్లో పెట్టెలు పేర్చడం ఆయన పని. రెండు పెట్టెల మధ్య వేలు దూరేంత సందు మిగిలినా ఆయనకు ముద్ద దిగదు. సందుంటే దారిలో పెట్టె ఒరుగుతుంది, ఒరిగితే పగులుతుంది, పగిలితే ఫిర్యాదు తిన్నగా ఆయన నెత్తిమీదికే వస్తుంది. లారీ భేషుగ్గా పేర్చావని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ కబురు పెట్టిన పాపాన పోలేదు.

ఒళ్ళు హూనమై ఇంటికొచ్చిన మనిషి ఏం చేయాలి? పడుకోవాలి. ఈయన సోఫాలో కూలబడి ఫోన్‌లో మళ్ళీ పేర్చడమే మొదలుపెట్టేవాడు. పైనుంచి రంగురంగుల దిమ్మలు రాలుతుంటాయి. వాటిని తిప్పి సందుల్లో ఇరికించాలి. వరస నిండితే మాయమవుతుంది.

"పగలంతా చేసింది చాలలేదా? ఇదేం ఖర్మండీ!" అని భార్య తల కొట్టుకునేది. ఆయన మానేద్దామనుకున్నా చేతులు ఊరుకునేవి కావు.

కూతురికి పన్నెండేళ్ళు. కంప్యూటర్‌లో దానిదీ దిమ్మల ఆటే గానీ, అందులో ఏదీ రాలదు, ఏదీ మాయమవదు. పెట్టింది పెట్టినచోటే ఉంటుంది. ఇళ్ళూ వంతెనలూ ఎన్నయినా కట్టుకోవచ్చు. ఒకప్పుడు రోజూ "నాన్నా, రా, చూడు" అని పిలిచేది. "రేపు చూస్తానమ్మా" అంటూ ఆ రేపును ఈయన రెండేళ్ళు సాగదీశాడు. పిల్ల పిలవడం మానేసింది. అది పట్టించుకునే ఓపిక కూడా ఆయనకు లేకపోయింది.

అలాంటిది మొన్న సెలవునాడు తనంతట తానే వచ్చి, "ఇల్లు కట్టాను, చూస్తావా?" అని అడిగింది. భార్య ఆయన్ని వంటింట్లోకి లాగి, "ఈసారి కూడా ఆవలించి లేచొచ్చారంటే ఇక జన్మలో పిలవదు, చెప్తున్నా" అంది. ఆయనకూ అదే భయం.

కంప్యూటర్ ముందు కూర్చోగానే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "నీ ఆటలో గెలుపెక్కడుందే? నాదైతే ముందుచూపు కావాలి. ఇప్పుడు పెట్టేటప్పుడే తర్వాతి దిమ్మకి ఎత్తు వెయ్యాలి" అన్నాడు.

"నీదాంట్లో మాత్రం ఎక్కడుంది నాన్నా? బాగా పెట్టినవన్నీ మాయమైపోతాయి. తప్పుగా పెట్టినవే మిగుల్తాయి. చివరికి అవే పైదాకా పేరుకుని ఓడిపోతావ్."

ఆయన నవ్వేశాడు గానీ, తన ఉద్యోగం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదనిపించింది.

ఇంతలో తల్లి అన్నానికి పిలిచింది. "నేను తినేసి వస్తా. ఈలోపు ఇల్లంతా తిరిగి చూడు" అని పిల్ల వెళ్ళింది.

ఆయన బుద్ధిగా తిరిగాడు. వంటిల్లు, మెట్లు, పూలకుండీలతో అమ్మ గది. పైన ఒక గది మాత్రం బోసిగా ఉంది. పాపం, పూర్తి చేయడానికి తీరలేదు కాబోలు అనుకున్నాడు. చేతులు ఊరుకుంటాయా? మూల నుంచి మొదలుపెట్టి, నేల నుంచి కప్పుదాకా, గాలి కూడా దూరకుండా దిమ్మలతో కూరేశాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు హుషారు కలిగింది.

పిల్ల వచ్చి చూసింది. "ఇదేంటి?"

"ఒక్క సందు చూపించు చూద్దాం!"

"అది నీ గది నాన్నా. నీకేం కావాలో నువ్వే పెట్టుకుంటావని ఖాళీగా ఉంచాను."

పిల్ల మొహం చిన్నబోయింది. "తీసేస్తానమ్మా" అని ఒక్కొక్క దిమ్మే పీకడం మొదలుపెట్టాడు. పిల్ల లేచిపోకుండా పక్కనే కూర్చుని చూసింది.

గది మళ్ళీ ఖాళీ అయ్యాక, "ఇప్పుడు చెప్పు. ఏం కావాలి?" అంది.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్‌లూ ఉయ్యాలలూ అద్దాలూ మోసిన మనిషికి తనక్కావలసింది ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంత అలసిపోయానా అని తనమీద తనకే జాలేసింది.

"మంచం" అన్నాడు చివరికి.

పిల్ల మంచం వేసింది. "ఇంకా?"

"తలుపుకి లోపల్నుంచి గడియ. ఎవరూ లేపకూడదు."

పిల్ల చెయ్యి ఆగింది. కోపం లేదు, నిజంగానే అనుమానమొచ్చి అడిగింది.

"మరి నేనెలా రావాలి?"

ఈ రెండేళ్ళూ తను చేసింది అదేనని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది.

"గడియ వద్దులే" అన్నాడు. "ఆ తలుపు కూడా పీకెయ్యమ్మా."