కొండ మీది మూడు చలికాలాలు

ఆఫీసులో అందరూ ఆయన్ని వానల బాబాయ్ అనేవారు. ముప్పై ఏళ్లుగా వాతావరణ శాఖలోనే ఉన్నాడు. సూపర్ కంప్యూటర్ శిక్షణకు వెళ్లమన్నప్పుడు, ఈ వయసులో మళ్లీ బెంచీ మీద కూర్చోవడమేమిటని నవ్వుకున్నాడు. అక్కడ లెక్కలవాళ్లు, కంప్యూటర్లవాళ్లు, వాతావరణంవాళ్లు జట్లుగా కలిసి పనిచేయాలి. ఆయనకు జోడీగా లెక్కల అమ్మాయి పడింది.

వందల వాతావరణ కేంద్రాల్లో నలభై ఏళ్లుగా నమోదైన ఉష్ణోగ్రతలను సూపర్ కంప్యూటర్‌కి ఎక్కించి తప్పులు ఏరడం వాళ్ల పని. మామూలు కంప్యూటర్‌కి నెల పట్టేది పదకొండు నిమిషాల్లో తేలింది.

"బాబాయ్ గారూ, ఈ లోయ కేంద్రం చూడండి. మూడు చలికాలాల అంకెలు పక్కనున్న కొండ కేంద్రంతో అస్సలు పొసగట్లేదు. కొండవేమో నిలకడగా ఉన్నాయి. లోయలో అంకెలు రాసినాయన సరిగ్గా చూసినట్టు లేదు. తీసేద్దామా?"

ఆయన తెర మీది తేదీలు చూశాడు. అప్పట్లో కొండ మీద ఉన్నది తనే. తెల్లవారుజామున మంచులో నడిచి థర్మామీటరు చూడడానికి బద్ధకించి, దుప్పట్లోంచి కదలకుండా నిన్నటి అంకెకు అర డిగ్రీ అటో ఇటో చేసి రాసేసేవాడు. లోయాయన మాత్రం చెవులకు మఫ్లర్ చుట్టుకుని, కుంటుకుంటూ రోజూ వెళ్లేవాడు. కలిసినప్పుడు తను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది.

"తీసెయ్యమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నం కలుపుతూనే ఉన్నాడు. "మీలాంటి అనుభవజ్ఞులు పక్కనుంటే ధైర్యం బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి, నీళ్లు అందిస్తూ. ఆయన గ్లాసు ముట్టకుండానే చేయి కడుక్కోవడానికి వెళ్లాడు.

శిక్షణ గదికి తిరిగొచ్చాక కూర్చోకుండానే చెప్పాడు. "అమ్మా, తప్పు లోయది కాదు. కొండ మీదున్నది నేనే. చూసి రాయలేదు. ఊహించి రాశాను."

"ఎన్ని రోజులండీ?"

"మూడు చలికాలాలూ."

"మా కాలేజీ సార్ ఆ అంకెలతోనే కొండ మీది మంచు లెక్కలు కట్టారు" అంది మెల్లగా. గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు మరీ గట్టిగా తగిలింది.

ఇద్దరూ వెళ్లి శిక్షకుడికి చెప్పారు. లోయ అంకెలు తిరిగి చేర్చి, కొండవి తొలగించారు. శిక్షకుడు మందలించలేదు. "తొలగించిన కారణం మీరే రాయండి" అంటూ కీబోర్డు ఆయన వైపు జరిపాడు.

తోటివాళ్లంతా చూస్తుండగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టాడు: పరిశీలకుడు బయటికి వెళ్లలేదు. పక్కన పరిశీలకుడి పేరుకు ఒక గడి ఉంది. అది రాయకపోయినా ఫర్వాలేదన్నాడు శిక్షకుడు. చెవులు కాలిపోతుండగా ఆ గడిలో తన పేరూ కొట్టి లేచాడు.